మలుపులో వణికే వెనక ఇరుసు: ఏ మోతకు ఏ ఆయిల్?

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాను. 2008 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇటీవల వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్పించాను. అప్పటి నుంచి పార్కింగ్ స్థలాల్లో స్టీరింగ్ బాగా తిప్పి నెమ్మదిగా మలుపు తీసుకుంటే వెనక నుంచి గడగడమని వణుకు వస్తోంది. తిన్నగా పోతున్నప్పుడు ఏ శబ్దమూ లేదు. లోపలి క్లచ్ ప్లేట్లు పోయాయనీ, యూనిట్ మొత్తం మార్చాలనీ షాపువాళ్లు అంటున్నారు. నిజమేనా? ఏ ఆయిల్ వాడాలి?

జవాబు: ఆయిల్ మార్చిన వెంటనే మొదలైంది, నెమ్మదైన మలుపుల్లోనే వస్తోంది, తిన్నటి దారిలో లేదు. మీరు రాసిన ఈ మూడు విషయాలను కలిపి చూస్తే ప్లేట్లు అరిగాయనడం కంటే కొత్త ఆయిల్‌లో ఉండవలసినది ఏదో లేకపోయిందని అనుమానించడమే సబబు. యూనిట్ మార్పించే ముందు ఆయిల్ సంగతి తేల్చుకోండి.

మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం నడవాలి. ఆ తేడాను సర్దడమే డిఫరెన్షియల్ పని. మామూలు డిఫరెన్షియల్‌తో చిక్కేమిటంటే, ఒక చక్రం బురదలోనో మంచులోనో పట్టు కోల్పోతే ఇంజిన్ బలమంతా అక్కడే వృథాగా తిరిగిపోతుంది. అందుకని మీ బండిలోని ట్రాక్షన్-లాక్ అనే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్‌లో సైడ్ గేర్ల (చక్రాల షాఫ్టులను తిప్పే గేర్లు) వెనక క్లచ్ ప్లేట్ల దొంతరలను అమర్చి, మధ్యలో ఎస్ ఆకారపు స్ప్రింగ్ పెట్టి, అవి ఎప్పుడూ కొంత ఒత్తిడితో అంటుకొని ఉండేలా చేశారు. తిన్నగా పోయేటప్పుడు ఆ ప్లేట్లకు ఒకదానిపై ఒకటి జారే అవసరం రాదు. మలుపులో మాత్రం జారి తీరాలి. ఆయిల్ సరైనది కాకపోతే అవి మెత్తగా జారకుండా, బరువైన బీరువాను గచ్చు మీద నెట్టినప్పటిలా పట్టుకొని, వదిలి, మళ్లీ పట్టుకొని కదులుతాయి. నిలిచి ఉన్న ప్లేట్ల మధ్య ఘర్షణ జారుతున్న ప్లేట్ల మధ్య ఘర్షణ కంటే ఎక్కువ కావడమే దీనికి కారణం. మీకు వినిపిస్తున్న గడగడ అదే.

ఈ తేడాను సరిచేయడానికి కలిపే ద్రవాన్ని ఫ్రిక్షన్ మాడిఫయర్ అంటారు. మీ 8.8 అంగుళాల ఇరుసుకు (ఆ కొలత లోపలి పెద్ద గేరు వ్యాసం) ఫోర్డ్ చెప్పినది 75డబ్ల్యూ-140 సింథటిక్ గేర్ ఆయిల్, దానితోపాటు ఎక్స్‌ఎల్-3 మాడిఫయర్ 4 ఔన్సులు, అంటే సుమారు 118 మిల్లీలీటర్లు. షాపువాళ్లు ఏ ఆయిల్ పోశారో, మాడిఫయర్ కలిపారో లేదో బిల్లు చూస్తే తెలుస్తుంది. బిల్లులో ఆ పేరు లేకపోతే జవాబు అక్కడే దొరికినట్టు. లిమిటెడ్ స్లిప్‌కు పనికివస్తుందని రాసి ఉన్న సీసాల్లో కొంత మాడిఫయర్ ముందే కలిపి ఉంటుంది కనుక, అటువంటి ఆయిల్ పోసి ఉంటే 4 ఔన్సులూ ఒకేసారి కుమ్మరించకుండా సగం కలిపి, నడిపి చూసి, శబ్దం మిగిలితేనే మిగతాది కలపడం మేలు. ఎక్కువైతే శబ్దం తప్పకుండా పోతుంది, కానీ దానితోపాటు ప్లేట్ల పట్టూ పోయి, డబ్బు పెట్టి కొన్న లిమిటెడ్ స్లిప్ కాస్తా మామూలు డిఫరెన్షియల్ అయిపోతుంది.

మాడిఫయర్ కలిపిన తరువాత అది ప్లేట్ల మధ్యకు చేరాలి. బండిని కొంతదూరం నడిపి ఆయిల్ వేడెక్కాక, ఖాళీగా ఉన్న పార్కింగ్ స్థలంలో ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా పది పదిహేను చుట్లు తిప్పండి. గడగడ క్రమంగా తగ్గితే మరమ్మతు అయిపోయినట్టే. ఇంత చేసినా అలాగే ఉంటే అప్పుడు ప్లేట్ల గురించి మాట్లాడుకోవచ్చు.

అసలు మీ ఇరుసులో ఉన్నది లిమిటెడ్ స్లిప్పేనా అని కూడా నిర్ధారించుకోండి, ఎందుకంటే సెకండ్ హ్యాండ్ బండిలో పాత యజమాని ఏం మార్చాడో మనకు తెలియదు. ఫోర్డ్ ఇరుసు ట్యాగ్ మీద 3ఎల్55 అని ఉంటే గేర్ నిష్పత్తి 3.55 అనీ, మధ్యలోని ఎల్ అక్షరం లిమిటెడ్ స్లిప్‌కు గుర్తనీ అర్థం. ట్యాగ్ ఊడిపోయి ఉంటే, రెండు వెనక చక్రాలనూ లేపి, స్టాండ్ల మీద భద్రంగా నిలిపి, గేర్ న్యూట్రల్‌లో పెట్టి ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది అదే దిశలో తిరిగితే ప్లేట్లకు పట్టు ఉన్నట్టు. ఎదురు దిశలో తిరిగితే అది మామూలు డిఫరెన్షియల్ అయినా కావాలి, ప్లేట్లు బాగా అరిగిపోయి అయినా ఉండాలి. మెకానిక్ ఒక చక్రాన్ని నేల మీదే ఉంచి, లేపిన చక్రానికి టార్క్ రెంచ్ పెట్టి కదిలిస్తాడు. 20 పౌండ్-అడుగుల కంటే తక్కువ బలానికే కదిలితే యూనిట్ విప్పక తప్పదు. ఇవన్నీ ఇంజిన్ ఆపి చేయవలసిన పరీక్షలు. లిమిటెడ్ స్లిప్ ఉన్న బండిలో ఒక చక్రాన్ని మాత్రమే లేపి ఇంజిన్‌తో తిప్పితే, నేల మీద ఉన్న చక్రం బండిని జాక్ మీది నుంచి లాగేస్తుంది.

ఇరుసు నుంచి వచ్చే ప్రతి మోతకూ మాడిఫయర్ మందు కాదు. మన మెకానిక్‌లు క్రౌన్ మోత అనేది వేరు. అది ఫలానా వేగం దగ్గర సన్నని కూతలా మొదలై, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా మారుతుంది. పినియన్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ చివరి చిన్న గేరు), క్రౌన్ (అది తిప్పే పెద్ద గేరు) పళ్ల మధ్య అమరిక తప్పినప్పుడు వచ్చే ఆ కూతను మందపాటి ఆయిల్ కొంతకాలం కప్పిపుచ్చుతుంది తప్ప నయం చేయదు. వేగంగా పోతూ ఎడమకో కుడికో వంగినప్పుడు హోరు పెరిగి తగ్గుతుంటే చక్రం బేరింగ్‌ను చూడాలి. డ్రైవ్ నుంచి రివర్స్‌కు మార్చగానే ఒక్కసారి ఠంగుమంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లలోనో గేర్ పళ్ల మధ్యనో వదులు పెరిగినట్టు. రోడ్డు ఉపరితలం మారగానే శబ్దమూ మారిపోతుంటే ఇరుసును వదిలేసి టైర్లను చూడండి.

ఇక ఆయిల్ సీసా మీది అంకెలు. క్రౌన్, పినియన్ పళ్లు హైపాయిడ్ రకానివి, అంటే పినియన్ క్రౌన్ మధ్యరేఖ కంటే కిందికి జరిగి ఉంటుంది కనుక పళ్లు దొర్లడమే కాక తీవ్రమైన ఒత్తిడిలో ఒకదానిపై ఒకటి రాసుకుంటాయి. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు కావాలి, జీఎల్-5 అన్న గుర్తు వాటి సంగతే చెబుతుంది. ప్లేట్ల ఘర్షణ గురించి జీఎల్-5 ఏమీ చెప్పదు. జీఎల్-5 పోశాం కాబట్టి అంతా సరిగ్గానే ఉందన్న షాపువాళ్ల మాట తరచుగా ఇక్కడే బోల్తా పడుతుంది. 75డబ్ల్యూ అనేది మైనస్ 40 డిగ్రీల చలిలోనూ గడ్డకట్టినట్టు కాకుండా కదలగలదని తెలిపే అంకె కనుక, టెక్సస్‌లో అది మీకు అంత ముఖ్యం కాదు. చివరనున్న 140 ముఖ్యం, ఎందుకంటే వేడెక్కిన ఆయిల్ పళ్ల మధ్య పొరలా నిలిచి ఉండటం దాని మీద ఆధారపడి ఉంటుంది. మైలేజీ కోసం దాన్ని 90కి దించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఆయిల్ మళ్లీ మార్చవలసి వస్తే, ఈ ఇరుసుకు అడుగున డ్రెయిన్ ప్లగ్ ఉండదు. వెనక మూత విప్పాలి, లేదా పంపుతో పీల్చాలి. ఏది చేసినా ముందుగా ఆయిల్ పోసే ప్లగ్ ఊడి వస్తుందో లేదో చూసుకోండి. పాత ఆయిల్ అంతా పారబోశాక ఆ ప్లగ్ బిగుసుకుపోయి ఉందని తెలిస్తే బండి కదలదు. మూత విప్పినప్పుడు అడుగున మెత్తని బూడిదరంగు పేస్టు కనిపిస్తే భయపడనక్కరలేదు, గోరుకు తగిలే లోహపు పెచ్చులు కనిపిస్తే మాత్రం అది ఆయిల్‌తో తీరే బాధ కాదు.

ప్రశ్న: విశాఖపట్నంలో ఉంటాను. నా మహీంద్రా థార్ 4×4లో వెనక మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది. అరకు ఘాట్ రోడ్డులో హెయిర్‌పిన్ మలుపుల దగ్గర బండి పట్టేసినట్టు కుదుపుతోంది. మట్టిదారిలో అప్పుడప్పుడు వెనక టక్‌మని చప్పుడు. ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్) మాడిఫయర్ కలపమని మెకానిక్ సలహా. కలపవచ్చా?

జవాబు: కలపవద్దు. మీ బండిలో ఉన్నది ఈటన్ కంపెనీ తయారీ లాకర్. రెండు వెనక చక్రాల వేగాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే లోపలి బరువులు విచ్చుకొని, కొక్కెం పడి, రెండు చక్రాలనూ పూర్తిగా కలిపేస్తుంది. వేగం గంటకు సుమారు 30 కిలోమీటర్లు దాటితే లాక్ పడనివ్వదు. మట్టిదారిలో వినిపించే టక్ ఆ కొక్కెం పడిన చప్పుడే, అది పనిచేస్తోందనడానికి గుర్తు. ఈ రకం లాకర్‌లోనూ క్లచ్ ప్లేట్లు ఉంటాయి కానీ, అవి జారకుండా పట్టుకుంటేనే లాక్ త్వరగా పడుతుంది. మాడిఫయర్ వాటిని జారేలా చేసి లాక్‌ను ఆలస్యం చేస్తుంది. అందుకే కలపవద్దని ఈటన్ కూడా చెబుతుంది. మస్టాంగ్‌కు అవసరమైన సీసా థార్‌కు చెరుపు చేస్తుంది. మాన్యువల్‌లో చెప్పిన గేర్ ఆయిల్ ఒక్కటే పోయించండి.

హెయిర్‌పిన్‌లో కుదుపు సంగతి వేరు. ఘాట్‌లో లివర్ 4హెచ్‌లో (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే స్థితిలో) ఉందేమో గుర్తు చేసుకోండి. థార్‌లో ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు కనుక, 4హెచ్‌లో పొడి తారు రోడ్డు మీద బిగువైన మలుపు తీసుకుంటే ముందు చక్రాలు నడిచే దూరానికీ వెనకవాటి దూరానికీ ఉన్న తేడా ఎటూ పోలేక షాఫ్టులన్నీ మెలిపడతాయి. ఆ కుదుపుకు మందు ఆయిల్ కాదు, లివర్‌ను 2హెచ్‌కు (వెనక చక్రాలకే బలం అందే స్థితికి) మార్చడం. వర్షంలో పట్టు కోసం 4హెచ్ పెట్టినా, రోడ్డు పొడిబారగానే తీసేయాలి.

వాగులు దాటే అలవాటుంటే ఒక్కటి చూసుకోండి. వేడెక్కిన ఇరుసు చల్లని నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోయి, బ్రీదర్ గొట్టం (ఇరుసులోకి గాలి వచ్చిపోయే దారి) మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల గుండా నీటిని పీలుస్తుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారితే కిలోమీటర్ల లెక్క చూడకుండా వెంటనే మార్పించండి.

ప్రశ్న: డిఫరెన్షియల్‌కు కొన్న జీఎల్-5 ఆయిల్ లీటరు మిగిలింది. పాత జీపు గేర్‌బాక్స్‌లో పోయవచ్చా? — కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బండి మాన్యువల్‌లో జీఎల్-4 అని ఉంటే పోయకండి. జీఎల్-5లో ఒత్తిడిని తట్టుకొనే రసాయనాలు దాదాపు రెట్టింపు ఉంటాయి, అవి పాత గేర్‌బాక్సుల్లోని ఇత్తడి సింక్రోనైజర్ రింగులను (గేర్ పడే ముందు వేగాలను సమం చేసేవి) తినేసే ప్రమాదం ఉంది. పైగా ఆ రింగులు పట్టుకోవలసిన చోట జారితే గేర్ వేసిన ప్రతిసారీ కరకరమంటుంది. మిగిలిన లీటరును మూత గట్టిగా బిగించి, దుమ్ము, తేమ తగలని చోట దాచి, డిఫరెన్షియల్‌లో మట్టం తగ్గినప్పుడు అందులోకే వాడుకోండి.