‘ది ట్రెయిన్’లో బర్ట్ లాంకాస్టర్ ఏం చేశాడని అంత పొగుడుతారు?

ప్రశ్న అడిగినవారి మాట ఇది: ‘1964 నాటి ‘ది ట్రెయిన్’ చూశాను. రైళ్లు బాగున్నాయి. కానీ హీరో బర్ట్ లాంకాస్టర్ సినిమా అంతా మొహం ముడుచుకుని తిరగడం తప్ప ఏం చేశాడు? డైలాగులు కూడా పెద్దగా లేవు. అభిమానులు ఎందుకంత ఎగబడతారు? అతనిది ఇంకేదైనా చూడదగ్గ సినిమా ఉందా?’

పని చేశాడండీ. అభిమానులు పొగిడేది దాన్నే. నాకూ మొదట అది రైళ్లు గుద్దుకునే సినిమాగానే కనిపించింది. మా పెదనాన్న పక్కన కూర్చుని చూశాకే లాంకాస్టర్ ఏం చేస్తున్నాడో తెలిసింది.

మాది గజపతి జిల్లా పర్లాకిమిడి. ఊరు ఒడిశాలో ఉన్నా మా ఇంట్లో, వీధిలో తెలుగే. పెదనాన్న నౌపడ - గుణుపూర్ చిన్న లైన్లో ఫైర్‌మన్‌గా (ఇంజన్లో బొగ్గు వేసేవాడు) చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారు. 1900లో పర్లాకిమిడి రాజావారి పూనికతో మొదలైన లైను అది. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా మా ఊరికి, తర్వాత గుణుపూర్ దాకా వెళ్లేది. 2004లో ఆ బండి ఆపేసి బ్రాడ్ గేజ్ వేశారు. డీజిల్ ఇంజన్లు రాకముందు ఆయన చేసిందంతా బొగ్గూ ఆవిరీ నౌకరీయే.

ఆయనకు ఇంగ్లీషు రాదు. కథ నేనే రెండు ముక్కల్లో చెప్పాను. 1944 ఆగస్టు, పారిస్ ఇవాళో రేపో జర్మన్ల చేజారిపోయేలా ఉంది. ఒక జర్మన్ కర్నల్ మ్యూజియంలో ఉన్న వాన్ గో, రెన్వార్, పికాసో లాంటి చిత్రకారుల బొమ్మలన్నీ పెట్టెలకెత్తించి రైల్లో జర్మనీకి తరలించాలని చూస్తాడు. రైల్వేలో ఇన్‌స్పెక్టరుగా ఉంటూ రహస్యంగా జర్మన్లను ఎదిరించే ప్రతిఘటన దళంలో పనిచేసే లబీష్ దాన్ని ఆపాలి. ఆ లబీష్ లాంకాస్టర్, కర్నల్ పాల్ స్కోఫీల్డ్. (ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నాను. చూడనివాళ్లు ఆగిపోండి.)

యుద్ధం గొడవ పెదనాన్న పట్టించుకోలేదు. ముసలి డ్రైవర్ పాపా బూల్ ఇంజను నూనె దారిలో ఫ్రాంకు నాణేలు దూర్చే సీను రాగానే లేచి సరిగ్గా కూర్చున్నారు. ‘అంతే, బిగ్ ఎండు పోయినట్టే’ అన్నారు, తెరమీద ఇంకా ఏమీ జరగకముందే. స్టీమ్ ఇంజను చక్రాన్ని తిప్పే పెద్ద రాడ్డు చివర ఒక బేరింగ్ ఉంటుంది, బిగ్ ఎండు అంటే అదే. దానికి లోపల వైట్ మెటల్ అనే మెత్తటి లోహం పూత. నూనె అందుతున్నంతసేపూ మెత్తగా తిరుగుతుంది. నూనె ఆగితే రాపిడికి వేడెక్కి ఆ మెటల్ కరిగి కారిపోతుంది, ఇంజను అక్కడే చతికిలబడుతుంది. అందుకే ప్రతి హాల్టులోనూ డ్రైవర్ నూనె డబ్బా పట్టుకుని దిగి, బేరింగుల మీద చెయ్యి తిరగేసి వెనక వైపు ఆనించి చూసుకుంటాడు. అరచెయ్యి పెట్టకూడదట. కాలితే ఇక రెగ్యులేటర్ (ఇంజనుకు ఆవిరి వదిలే పిడి) పట్టుకోలేడు కదా.

నాణేల సంగతి బయటపడి బూల్‌ను కాల్చేస్తారు. పాడైన ఇంజన్ను బాగుచేసే పని లబీష్ నెత్తిన పడుతుంది. మీరు ‘ఏం చేశాడు’ అని అడిగిన మనిషి ఏం చేశాడో చూడాలంటే ఈ సీనే మళ్లీ చూడండి. కరిగిన మెటల్‌ను అచ్చులో పోస్తాడు, చల్లారాక తీసి సాపు చేస్తాడు, తీసుకెళ్లి ఇంజనుకు బిగిస్తాడు. వెనక ఉద్వేగం పెంచే సంగీతం లేదు. నటుడి మొహం ఒక షాట్‌లో, పనివాడి చేతులు ఇంకో షాట్‌లో పెట్టి అతికించే మాయా లేదు. మొహమూ చేతులూ అతనివే. డూప్ ఉంటే కెమెరా అలా వెంట తిరగలేదు. పెదనాన్న రెండుసార్లు వెనక్కి తిప్పించుకుని చూశారు. ‘ఈడు పనోడేరా’ అన్నారు. ఎవరి గురించీ అంత తేలిగ్గా మంచి మాట అనే మనిషి కాదాయన.

నిజానికి లాంకాస్టర్ సినిమాల్లోకి రాకముందు సర్కస్‌లో ఫీట్లు చేసినవాడు. 1913లో పుట్టాడు, అంటే ఈ షూటింగు నాటికి యాభై ఏళ్లవాడు. సిగ్నల్ క్యాబిన్ నిచ్చెన మీంచి జర్రున జారి, పట్టాల వెంట పరిగెత్తి, కదిలే ఇంజను ఎక్కేస్తాడు చూడండి, అదంతా ఒకే షాట్. మన హీరోలకు ఆ వయసులో స్లో మోషనూ, నాలుగు కెమెరాలూ, వెనక పాటా కావాలి. ఇతను డ్యూటీకి ఆలస్యమైన గార్డు పరిగెత్తినట్టు పరిగెత్తాడు, అంతే. హీరోయిజం చూపించకపోవడమే అతని గొప్ప అని నా అభిప్రాయం.

చివరి భాగంలో కుంటుతాడే, అది ఉత్త నటన కాదు. షూటింగ్ లేని రోజు గోల్ఫ్ ఆడబోయి మోకాలు దెబ్బతీసుకున్నాడు. నడక సరిగా లేని హీరోను ఎలా చూపించాలో తెలియక, జర్మన్లు కాలి మీద కాల్చే సీను ఒకటి కథలో కలిపారు. పారిపోయే మనిషికి నొప్పి ఎంతుంటుందో ఆ కుంటి నడకే చెబుతుంది, అతను పెదవి విప్పక్కర్లేదు. పాపా బూల్ వేసిన మిషెల్ సిమోన్‌కు వేరే చోట ఒప్పందం ఉండటంతో ఆ పాత్రను ముందే చంపాల్సి వచ్చిందంటారు. అవసరం కొద్దీ చేసిన మార్పులు రెండూ సినిమాకు మేలే చేశాయి. లబీష్ కసికి అసలు కారణం బూల్ చావే కదా.

దర్శకుడు జాన్ ఫ్రాంకెన్‌హైమర్. మొదట ఆర్థర్ పెన్ మొదలుపెట్టాడు, కొద్ది రోజులకే ఆయన్ను తప్పించి లాంకాస్టర్ తనకు తెలిసిన ఫ్రాంకెన్‌హైమర్‌ను పిలిపించుకున్నాడు. ఆయన బొమ్మ రైళ్లతో పని కానివ్వలేదు. ఇంజన్లు నిజంగా ఢీకొన్నాయి, యార్డు నిజంగా పేలింది. ఇప్పటి గ్రాఫిక్స్‌లో రైలు పడిపోతే టెన్షన్ రాదు, దానికి బరువు లేదని కంటికి తెలిసిపోతుంది. ఇక్కడ ఇంజను పట్టా తప్పి మట్టిలో దిగబడుతుంటే కూర్చున్న కుర్చీ కదిలినట్టుంటుంది.

సరిహద్దులో పుట్టిన మాకు ఇంకో సీను మరీ ఇష్టం. రైలు జర్మనీ వైపే పోతోందని కర్నల్ మనుషులు నమ్మాలి, బండి మాత్రం తిరిగి ఫ్రాన్స్‌లోనే చుట్టు తిరగాలి. అందుకని దారిలో స్టేషన్ల పేర్ల బోర్డులు మార్చేస్తారు. బండిలో ఉన్నవాడికి తాను ఎక్కడున్నాడో చెప్పేది ఆ బోర్డే కదా. మా లైన్లోనూ అంతే. పాతపట్నం బోర్డు మీద తెలుగు, పర్లాకిమిడి బోర్డు మీద ఒడియా. మధ్యలో ఉన్నది కాస్త దూరమే, పొలాలూ మనుషులూ ఒకటే. రాష్ట్రం మారిందని తెలిసేది బోర్డు చూశాకే. రాత్రిపూట ఎవడైనా ఆ రెండూ మార్చి పెడితే మేమైనా మోసపోతాం. స్టేషన్ మాస్టర్లు, సిగ్నల్‌వాళ్లు, కూలీలు అందరూ నోరు మెదపకుండా ఆ నాటకం ఆడతారు. ఆ పది నిమిషాలూ హీరో ఒక్కడు కాదు, రైల్వే మొత్తం.

లోపాలు లేవని అనను. ఫ్రెంచి రైల్వేవాడు అచ్చమైన అమెరికన్ యాసలో మాట్లాడటం మొదట్లో ఇబ్బందే. జాన్ మోరో అంతటి నటికి హోటల్ నడిపే మనిషి పాత్ర ఇచ్చి రెండు మూడు సీన్లతో సరిపెట్టారు. పైగా అసలు చరిత్రలో ఇంత హంగామా లేదు. పారిస్ మ్యూజియంలో పనిచేస్తూ జర్మన్లు ఎత్తుకుపోయిన బొమ్మల లెక్క రహస్యంగా రాసిపెట్టిన రోజ్ వాలాండ్ పుస్తకం దీనికి ఆధారం. నిజమైన రైలు పారిస్ శివారు ఓల్నే దగ్గరే చిక్కుకుపోయింది. రైల్వేవాళ్లు దాన్ని ముందుకు పోనివ్వలేదు. పేలుళ్లూ ఢీకొనడాలూ సినిమా కోసం. ఆ రైలును చేజిక్కించుకున్న ఫ్రెంచి సైనికుల అధికారి అలెగ్జాండర్ రోజెన్‌బర్గ్ ఒక చిత్రాల వ్యాపారి కొడుకు. పెట్టెలు తెరిస్తే తమ ఇంటి గోడ మీద చూసిన బొమ్మలే కనిపించాయట. ఈ ముక్క సినిమాలో ఎందుకు పెట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

డైలాగుల విషయానికొస్తే, మాటలన్నీ కర్నల్‌వే. చివర్లో అతను అందం తెలిసినవాడికే ఆ బొమ్మలు చెందుతాయని, లబీష్‌కు అవేమిటో కూడా తెలియదని లెక్చరిస్తాడు. స్కోఫీల్డ్ ఎంత బాగా చెబుతాడంటే ఒక క్షణం అతనే నిజమేమో అనిపిస్తుంది. లబీష్ తిరిగి ఒక్క మాట అనడు. పక్కనే కాల్చేసిన బందీల శవాల వైపు చూస్తాడు, కర్నల్‌ను కాల్చేస్తాడు, అంతే. అక్కడ లాంకాస్టర్ నాలుగు మాటలు అనుంటే సినిమా చెడేది. మీరు మొహం ముడుచుకోవడం అన్నది అదే. ఆ మొహం ముడుచుకోకపోతే ఇంకేం చేస్తుంది చెప్పండి.

చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఫోన్‌లో వద్దు. బ్లాక్ అండ్ వైట్‌లో పొగా మసీ చూడాలంటే తెర కొంచెం పెద్దది కావాలి. రెండు గంటల పైన ఉంటుంది, మొదటి అరగంట ఓపిక పట్టాలి.

అతనిది ఇంకోటి అంటే ఇదే దర్శకుడితో 1962లో చేసిన ‘బర్డ్‌మన్ ఆఫ్ అల్కాట్రాజ్’ చూడండి. జైలు గదిలో పిట్టల్ని పెంచే యావజ్జీవ ఖైదీ. అక్కడా చేతులతోనే నటిస్తాడు. మా పెదనాన్న మాత్రం అరగంటకే లేచిపోయారు, అందులో ఇంజను లేదని.