పాఠకుల ప్రశ్నలు: బడిలోనే రెండు చిన్న బడులు

ప్రశ్న: మా హైస్కూల్లో తొమ్మిది, పది తరగతులకు రెండేసి సెక్షన్లు, మొత్తం 160 మంది. అమెరికా పద్ధతిలో బడిని కెరీర్ అకాడమీలుగా, అంటే ఒక్కో వృత్తి అంశం చుట్టూ నడిచే చిన్న బడులుగా విడగొట్టాలని అనుకుంటున్నాం. మాలాంటి చోట కుదురుతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, మిర్యాలగూడ

జవాబు: రెండు అకాడమీలకు మించకపోతే కుదురుతుంది. 1969లో ఫిలడెల్ఫియాలోని ఎడిసన్ హైస్కూల్లో విద్యుత్ పనుల అకాడమీతో మొదలైన పద్ధతి ఇది. మీ దగ్గర ఒక తొమ్మిదో సెక్షన్, ఒక పదో సెక్షన్ కలిపి 80 మందితో ఒక్కో అకాడమీ అవుతుంది. గదికి బోర్డు తగిలిస్తే అకాడమీ కాదు. ఆ 80 మందికీ గణితం, ఇంగ్లిష్, సైన్స్, సోషల్ చెప్పే టీచర్లు రెండేళ్లూ వాళ్లే ఉండాలి. అంటే ఈ సబ్జెక్టులకు ఇద్దరేసి కావాలి. లేకపోతే ఈ ఏడాది ఆగండి.

టైమ్‌టేబుల్ గణితంతో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఇక్కడ అది పనికిరాదు. రెండు అకాడమీలకూ ఒక్కరే ఉండే హిందీ టీచర్, పీఈటీ పీరియడ్లను ముందు వేయండి. అకాడమీలో ఒక సెక్షన్ హిందీలో, ఇంకోటి ఆటల్లో ఉన్న వేళ మిగతా టీచర్లందరికీ ఒకేసారి ఖాళీ దొరుకుతుంది. ఆ పీరియడ్‌లో వాళ్లకు కింది తరగతులు కూడా పెట్టకండి. వారానికి ఈ ఒక్క ఉమ్మడి పీరియడ్ లేకపోతే ఎవరి పాఠం వాళ్లదే. ఎవరైనా సెలవు పెడితే సర్దుబాటులో మొదట పోయేదీ ఇదే, కాబట్టి హెడ్మాస్టర్ దీన్ని ముట్టుకోకూడదు.

అంశం ఊళ్లోంచే తీసుకోండి. మీకు రైస్ మిల్లులున్నాయి. ప్రభుత్వ లెక్కలో క్వింటా వడ్లకు పచ్చి బియ్యం 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68. శాతాల పాఠానికి ఇంతకంటే మంచి లెక్క ఎక్కడుంది? కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే వడ్లు ఎందుకు తీసుకోరన్నది సైన్స్ పాఠం. పదో తరగతిలో మాత్రం ఈ పని దసరాతో ముగించండి. ఆ తర్వాత స్పెషల్ క్లాసులు దేన్నీ మిగల్చవు.

పదో తరగతి ఫలితాలు పెంచడానికే అయితే మాత్రం ఈ పని తలకెత్తుకోకండి. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ అమెరికాలో తొమ్మిది హైస్కూళ్ల మీద చేసిన అధ్యయనంలో పరీక్ష మార్కులు పెరగలేదు. పెరిగింది సంపాదన: చదువు అయ్యాక ఎనిమిదేళ్లలో, అకాడమీలో చేరనివాళ్లకంటే సగటున 11 శాతం ఎక్కువ.

ప్రశ్న: పిల్లలను ఎట్లా పంచాలి? ఫస్ట్ ర్యాంకులన్నీ ఒకవైపే పోతాయేమో.
– గద్వాల

జవాబు: వదిలేస్తే తప్పకుండా పోతాయి, రెండో అకాడమీకి ‘మొద్దుల సెక్షన్’ అని పేరు పడుతుంది. తొమ్మిదిలోకి వచ్చే 80 మందిని ఎనిమిదో తరగతి మార్కుల వరుసలో ఇరవై మంది చొప్పున నాలుగు గుంపులు చేయండి. ప్రతి గుంపు నుంచి ఒక్కో అకాడమీకి పదిమంది. ముందు పిల్లల ఇష్టం అడగండి, ఒకవైపు పది దాటితే ఆ గుంపులోనే చీటీలు తీయండి. ఆడపిల్లలంతా ఆరోగ్యం వైపు, మగపిల్లలంతా యంత్రాల వైపు చేరుతున్నారా అన్నది కూడా చూసుకోండి. వాళ్ల ఇష్టమని మనం అనుకునేది చాలాసార్లు ఇంట్లోవాళ్ల మాటే.

ప్రశ్న: మా బిడ్డను వ్యవసాయం అకాడమీల వేస్తమంటున్నరు. తనేమో ఇంజినీరింగ్ చదువుతనంటది. దారి మూసుకపోతదా?
– ఒక తండ్రి, నాగర్‌కర్నూల్

జవాబు: మూసుకపోదు. పుస్తకాలు, పదో తరగతి పరీక్ష అందరికీ ఒక్కటే, మారేది ఉదాహరణలు, ప్రాజెక్టులు. పది అయ్యాక ఎంపీసీ తీసుకోవచ్చు, పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాయొచ్చు, బాసర ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టొచ్చు. వ్యవసాయ డిప్లొమా కావాలన్నా పాలీసెట్టే రాయాలి. ఇంటర్‌లో ఒకేషనల్ తీసుకుంటే మాత్రం, పై చదువులకు అర్హత కోసం అదనంగా చదివే బ్రిడ్జి కోర్సు సంగతి మొదటి ఏడాదే కాలేజీలో అడగండి. గణితం పీరియడ్లు తగ్గిస్తామని బడివాళ్లంటే అప్పుడు ఒప్పుకోకండి.