సందేహాలు – సమాధానాలు: అల్లర్లా, ఆందోళనా, దమనకాండా?

సందేహం: 2019లో హాంగ్‌కాంగ్‌లో జరిగిన సంగతుల మీద మా కాలేజీ పత్రికకు ఒక వ్యాసం రాశాను. దానికి ‘ప్రజాస్వామ్య అనుకూల నిరసనకారులపై ప్రభుత్వ అణచివేత’ అని పేరు పెట్టాను. అప్పట్లో అక్కడే ఉద్యోగం చేసి వచ్చిన మా తమ్ముడు అది చదివి కోప్పడ్డాడు. ‘మెట్రో స్టేషన్లు పగలగొట్టడం నేను కళ్లారా చూశాను. వాళ్లు నిరసనకారులేమిటి? అల్లరిమూకలని రాయి. అణచివేత అనొద్దు, శాంతిభద్రతల పరిరక్షణ అను’ అన్నాడు. నా స్నేహితురాలేమో ‘దమనకాండ’ అనకపోతే నిజం దాచినట్టే అంటోంది. ఈ మాటల మధ్య తేడాలేమిటి? ఏ పక్షమూ వహించకుండా రాయాలంటే ఏ మాట వాడాలి? – ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: మీ ముగ్గురూ వాడినవి నిఘంటువులో ఉన్న మాటలే. వ్యాకరణం దృష్టిలో ఏదీ తప్పు కాదు. అయినా మీ మధ్య వాదన వచ్చిందంటే, వీటిలో ప్రతి మాటకూ అర్థంతో పాటు కొంత తీర్పు కూడా అంటుకుని ఉండటమే కారణం. ఆ తీర్పు ఎంతో, ఎవరి వైపు ఉందో చూద్దాం.

‘అల్లరి’ ఏకవచనంలో ఉన్నంతవరకు పెద్ద నేరమేమీ కాదు. అల్లరి పిల్లాడు అన్నప్పుడు కాస్త ముద్దు కూడా ధ్వనిస్తుంది. దాన్నే బహువచనం చేసి ‘అల్లర్లు’ అనగానే రాళ్లు, మంటలు, కర్ఫ్యూ కళ్లముందుకు వస్తాయి. ఇక ‘మూక’. జనం, గుంపు, సమూహం, మూక – నాలుగూ మనుషులు పోగవడాన్నే చెబుతాయి. కానీ దొంగల మూక అంటాం, రౌడీ మూక అంటాం, భక్తుల మూక అని మాత్రం అనం. మూక అన్నాక ఆ మనుషులకు సొంత ఆలోచన లేదని, ఎవరో ఉసిగొల్పితే వచ్చారని అన్నట్టే. కాబట్టి ఒక రోజున ఒక స్టేషన్లో అద్దాలు పగలగొట్టినవారి గురించి మీ తమ్ముడు ఆ మాట అంటే అది ఆయన అభిప్రాయం అనుకోవచ్చు. అదే మాటను ఆ ఏడాది వీధుల్లో నడిచిన లక్షల మందికి పెడితే, పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన తల్లిదండ్రులకు, చేతికర్ర పట్టుకుని వచ్చిన ముసలివాళ్లకు కూడా కలిపి తీర్పు చెప్పినట్టవుతుంది.

‘ఆందోళన’ తమాషా అయిన మాట. సంస్కృతంలో ఊగడం, కదలడం అనే అర్థంలోంచి వచ్చింది. తెలుగులో రెండు దారులు పట్టింది. ఆందోళన చెందారు అంటే మనసులో టెన్షన్, ఆందోళన చేశారు అంటే రోడ్డు మీద ధర్నా. పక్కనున్న క్రియను బట్టే మనకు తేడా తెలుస్తుంది. ‘నిరసన’కు పాత తెలుగులో తిరస్కారం, చులకన అనే అర్థాలుండేవి. ఇవాళ అది ఒప్పుకోకపోవడాన్ని బహిరంగంగా చెప్పడం. నల్ల బ్యాడ్జీ పెట్టుకోవడం నిరసన. రోజుల తరబడి రోడ్డెక్కితే ఆందోళన. నెలల తరబడి ఒక కోరిక చుట్టూ జనం కూడగట్టుకుంటే ఉద్యమం. ఈ మెట్లు తెలిస్తే, 2019 జూన్ మొదట్లో నిరసన అని, ఆగస్టు నాటికి ఆందోళన అని, ఏడాది మొత్తాన్ని కలిపి ఉద్యమం అని రాయడంలో తప్పేమీ లేదు.

హాంగ్‌కాంగ్ విషయంలో మీ ప్రశ్నకు ఇంకో బరువుంది. అక్కడ ఈ పేరు గొడవ ఉద్యమం కోరికల్లోకే ఎక్కింది. నేరారోపణలున్నవారిని చైనా ప్రధాన భూభాగానికి కూడా అప్పగించేందుకు దారితీసే బిల్లుకు వ్యతిరేకంగా జూన్ 9న పెద్ద ఊరేగింపు జరిగింది. 12న చట్టసభను జనం చుట్టుముడితే పోలీసులు బాష్పవాయువు, రబ్బరు గుళ్లు ప్రయోగించారు. ఆ రోజే పోలీసు కమిషనర్ స్టీఫెన్ లో ఆ ఘటనను అల్లర్లుగా పేర్కొన్నారు. పాలనాధిపతి క్యారీ లామ్ కూడా అదే అన్నారు. కొద్ది రోజులకు కమిషనర్ మాట సవరించుకుని, అల్లర్ల నేరం కింద వచ్చేది ఐదుగురేనని, మిగతావారు భయపడాల్సిన పని లేదని వివరణ ఇచ్చారు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ ముద్రను వెనక్కి తీసుకోవాలన్నది ఉద్యమకారుల ఐదు కోరికల్లో ఒకటయింది. బిల్లు పూర్తి ఉపసంహరణ, అరెస్టయినవారి విడుదల, పోలీసుల తీరుపై స్వతంత్ర విచారణ, అందరికీ ఓటుతో నేతల ఎన్నిక – మిగిలిన నాలుగూ ఇవి.

ఒక్క పేరు కోసం అంత పట్టుదల ఎందుకంటే, అక్కడి చట్టంలో ఆ నేరానికి పదేళ్ల దాకా జైలు ఉంది. మన చట్టంలోనూ ఆ నేరం ఉంది. పాత శిక్షాస్మృతిలో 147వ సెక్షన్, కొత్త భారతీయ న్యాయ సంహితలో 191వ సెక్షన్. మామూలుగా రెండేళ్ల దాకా శిక్ష. తెలుగునాట పోలీస్ స్టేషన్లో, కోర్టులో దీన్ని ‘దొమ్మీ’ అంటారు. చక్కటి మాట, మన పత్రికలు దాదాపుగా వదిలేశాయి. చట్టం కింద పెట్టిన కేసు గురించి రాసేటప్పుడు ‘దొమ్మీ కేసు పెట్టారు’ అని రాయండి. అప్పుడది పోలీసుల ఆరోపణ అని చదివేవారికి తెలుస్తుంది. ‘అల్లర్లకు పాల్పడిన వారిని అరెస్టు చేశారు’ అంటే కోర్టు కంటే ముందు మీరే తీర్పు చెప్పినట్టు.

కాలం కూడా పేర్లను తిప్పేస్తుంది. అదే హాంగ్‌కాంగ్‌లో 1967లో వామపక్షాలవారు బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డారు. బాంబులు పేలాయి, యాభై మందికి పైగా చనిపోయారు. నాటి ప్రభుత్వం, నగరంలో చాలామంది దాన్ని అల్లర్లు అన్నారు. పాల్గొన్నవారేమో బ్రిటిష్ వ్యతిరేక పోరాటం అన్నారు. నాడు ఆ ముద్ర పడింది బీజింగ్ పక్షం వారి మీద. 2019లో అదే ముద్ర అవతలి పక్షానికి అంటుకుంది. నాటి మంటలు చూసిన పెద్దవాళ్లలో కొందరు 2019లో పోలీసుల వైపు నిలబడ్డారంటే ఆ జ్ఞాపకానికీ అందులో పాలుంది.

మన దగ్గర ఇందుకు ‘పితూరీ’ని మించిన ఉదాహరణ లేదు. 1922 నుంచి 24 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటాన్ని తెల్లదొరల కాగితాలు రంప పితూరీ అన్నాయి. మనకది మన్యం పోరాటం, మన్యం విప్లవం. పితూరీ అనే మాట మాత్రం చివరికి బడిపిల్లలు టీచరు దగ్గర చెప్పే చాడీలకు మిగిలింది. ‘తిరుగుబాటు’ సంగతి వేరు. తడబడు–తడబాటు, ఏర్పడు–ఏర్పాటు లాగా తిరుగబడు–తిరుగుబాటు. అధికారానికి ఎదురు తిరిగారన్నంతవరకే చెబుతుంది, మెచ్చుకోదు, తిట్టదు.

ఇప్పుడు అవతలి వైపు, అంటే ప్రభుత్వం చేసినదానికి పెట్టే మాటలకు వద్దాం. ‘అణచు’ అన్న క్రియ దానంతటది చెడ్డది కాదు. కోపం అణచుకోమంటాం, దాన్నెవరూ తప్పుపట్టరు. ‘సైన్యం తిరుగుబాటును అణచివేసింది’ అని చరిత్ర పుస్తకాల్లో రాసినా అది జరిగినదాన్ని చెప్పడమే. కానీ క్రియను నామవాచకం చేసి ‘అణచివేత’ అని విడిగా నిలబెట్టగానే అన్యాయం అన్న అర్థం వచ్చి చేరుతుంది. ‘అణచివేతకు గురైన వర్గాలు’ అన్న ప్రయోగం అలవాటై అలా స్థిరపడింది. కాబట్టి మీ తమ్ముడి అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. అయితే ఆయన సూచించిన ‘శాంతిభద్రతల పరిరక్షణ’ అంతకంటే పెద్ద తీర్పు. పోలీసులు చేసిన ప్రతి పనీ రక్షణ కోసమేనని అది ముందే ఒప్పేసుకుంటుంది. ‘దమనకాండ’లో కాండ అన్నది మారణకాండ, హత్యాకాండ, దహనకాండల్లో ఉన్నదే. ఒక్క లాఠీచార్జికి అది నప్పదు, ఏకధాటిగా సాగిన క్రౌర్యానికి వాడాలి. మీ స్నేహితురాలు ఆ మాట వాడదలిస్తే వాడవచ్చు, కాకపోతే దాన్ని నిలబెట్టే వివరాలు వ్యాసంలో ఉండాలి. పత్రికల ‘ఉక్కుపాదం’ అరిగిపోయింది, వదిలేయండి. ‘చర్య’ మెత్తటి మాట అనుకుంటారు గాని దానితోనూ జాగ్రత్త. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీదికి వచ్చింది భారత సైన్యం, మనం ఇవాళ్టికీ ‘పోలీసు చర్య’ అనే అంటున్నాం. సెప్టెంబరు 17ను విమోచన అనాలా, విలీనం అనాలా, సమైక్యత అనాలా అన్నది తెలంగాణలో ఇప్పటికీ తెగలేదు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అని ఇంకో పేరు పెట్టింది.

మీ శీర్షికలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ‘ప్రజాస్వామ్య అనుకూల’. ఇంగ్లీషు పత్రికల మాటను అలాగే దించుకున్నాం. అందులో రెండు చిక్కులున్నాయి. ఒకటి, మొదటి ఊరేగింపుల్లో నడిచినవారి కోరిక బిల్లు వద్దన్నదే, ఓటు హక్కు కోరిక తర్వాత ముందుకొచ్చింది. రెండోది, ఒక పక్షాన్ని అలా అంటే మిగతా వాళ్లంతా ప్రజాస్వామ్యానికి వ్యతిరేకులన్నట్టు. దుకాణం మూతపడి విసిగినవారు, భయపడ్డవారు, చైనా మీద అభిమానం ఉన్నవారు, పోలీసు కుటుంబాలవారు అందరూ ఆ గుంపులోకి పోతారు. అక్కడివాళ్లే ఇంకో దారి చూపించారు. 2014లో ఓటు హక్కు కోసం సాగిన గొడుగుల ఉద్యమం నాటి నుంచి ఉద్యమాన్ని బలపరిచేవారిని పసుపు రిబ్బన్లు అని, పోలీసుల పక్షాన్ని నీలి రిబ్బన్లు అని పిలుచుకుంటున్నారు. ఒకసారి వివరించి, ఆ తర్వాత పసుపు పక్షం, నీలి పక్షం అని రాస్తే ఎవరికీ తిట్టు తగలదు.

ఇంతసేపూ నామవాచకాల గురించే మాట్లాడాం. మీ వ్యాసంలో అసలు పక్షపాతం క్రియల్లో దాగి ఉంటుందని నా నమ్మకం. తెలుగులో కర్తను మాయం చేయడం చాలా తేలిక. ‘కాల్పులు జరిగాయి’, ‘ఉద్రిక్తత నెలకొంది’, ‘అల్లర్లు చెలరేగాయి’ – ఈ వాక్యాల్లో చేసినవాడు ఎవరు? కాల్పులు వానలా వాటంతటవి జరగవు. 2019 నవంబరు 11న రెండు ఘోరాలు జరిగాయి. ఉదయం సాయ్ వాన్ హో కూడలిలో ఒక ట్రాఫిక్ పోలీసు, చేతిలో ఆయుధం లేని ఒక యువకుణ్ణి తుపాకీతో కాల్చాడు. అదే రోజు మా ఆన్ షాన్‌లో ఆందోళనకారులతో వాదనకు దిగిన ఒక వ్యక్తి మీద ఎవరో మండే ద్రవం పోసి నిప్పంటించారు. పసుపు పక్షం మనిషి రాస్తే మొదటిది ‘పోలీసు కాల్చాడు’ అని, రెండోది ‘మంటల్లో ఒకరికి గాయాలు’ అని రాసే ప్రమాదం ఉంది. నీలి పక్షం వాడు ‘కాల్పుల్లో యువకుడికి గాయాలు’, ‘సజీవంగా తగలబెట్టారు’ అంటాడు. నాలుగు వాక్యాల్లోనూ అబద్ధం లేదు. కర్త ఎక్కడ ఉన్నాడు, ఎక్కడ లేడు అన్నదే తేడా. రెండు చోట్లా కర్తను నిలబెట్టండి, రెండు చోట్లా సకర్మక క్రియ వాడండి. నామవాచకాల మీద మీరు చేసే కసరత్తు కంటే ఈ ఒక్క పని మీ వ్యాసాన్ని ఎక్కువ నిజాయితీగా ఉంచుతుంది.

‘ఘర్షణ’ కూడా ఇలాంటిదే. రాపిడికి రెండు పక్షాలు కావాలి. జులై 21 రాత్రి యువెన్ లాంగ్ స్టేషన్లో తెల్ల చొక్కాలు వేసుకున్న వాళ్లు కర్రలతో వచ్చి ప్రయాణికులను కొట్టారు. పోలీసు బలగం వచ్చేసరికి 39 నిమిషాలు పట్టింది. మరుసటి ఏడాది పోలీసులు దాన్ని రెండు వర్గాల కొట్లాటగా వర్ణించినప్పుడు నగరంలో ఎంతోమంది మండిపడ్డారు. దాడిని ఘర్షణ అంటే దెబ్బలు తిన్నవాడికి కూడా నేరంలో వాటా పంచినట్టు.

సంఖ్యల దగ్గర ‘అని’ని వదలకండి. జూన్ 9 ఊరేగింపులో 10 లక్షల 30 వేల మంది అని నిర్వాహకులు, 2 లక్షల 40 వేల మంది అని పోలీసులు చెప్పారు. జులై 20న పోలీసులకు మద్దతుగా జరిగిన సభకు కూడా నిర్వాహకులు 3 లక్షల 16 వేలు అంటే, పోలీసులు లక్షా 3 వేలే అన్నారు. తమను పొగిడే సభ లెక్కా వాళ్లు తగ్గించే చెప్పారు. ఈ రెండూ పక్కపక్కన పెడితే పాఠకుడే ఒక అంచనాకు వస్తాడు. నగరం ఏమనుకుందో చెప్పాలంటే మాత్రం నవంబరు 24 నాటి జిల్లా మండళ్ల ఎన్నికలు చూడండి. 71 శాతం మంది ఓటేశారు. పసుపు పక్షం 452 స్థానాల్లో 380కి పైగా గెలిచింది, కానీ ఓట్లలో దాని వాటా 57 శాతం దగ్గర ఆగింది. నలభై శాతం పైగా ఓట్లు నీలి పక్షానికి పడ్డాయి. ‘హాంగ్‌కాంగ్ ప్రజలు కోరుకున్నారు’ అని మీరు నాలుగు చోట్ల రాశారనుకోండి, ఆ నలభై శాతం కూడా హాంగ్‌కాంగ్ ప్రజలే కదా. ‘ఎక్కువమంది’ అని చేర్చండి, చాలు.

మీ శీర్షికను ఇలా మార్చవచ్చు: ‘హాంగ్‌కాంగ్ 2019: అప్పగింత బిల్లు నుంచి జాతీయ భద్రతా చట్టం దాకా’. మొదటి పేరాలో అణచివేత అన్న నామవాచకం తీసేసి, ‘పోలీసులు వేల సార్లు బాష్పవాయువు ప్రయోగించారు, పది వేల మందికి పైగా అరెస్టు చేశారు, 2020 జూన్ 30న బీజింగ్ జాతీయ భద్రతా చట్టం తెచ్చింది’ అని రాయండి. ఆ వెంటనే, ‘ఆందోళనకారుల్లో కొందరు మెట్రో స్టేషన్లు పగలగొట్టారు, పెట్రోలు బాంబులు విసిరారు’ అని కూడా రాయండి. రెండో వాక్యాన్ని ఐదో పేజీకి తొయ్యకండి. ఆ తర్వాత మీ అభిప్రాయం చెప్పదలిస్తే ‘ఇది అణచివేతే అని నేననుకుంటున్నాను’ అని మీ పేరు మీదే చెప్పండి, అది మీ హక్కు. మీ తమ్ముడిని కూడా తను చూసినదాని మీద ఒక పేరా రాసివ్వమనండి: ఏ స్టేషన్, ఏ తేదీ, ఎవరు, ఏం పగలగొట్టారు. ఆయన పేరుతోనే వేయండి.