మళ్లీ నింపిన తూటాలు వాడవచ్చా?

ప్రశ్న: మాకు మిర్యాలగూడ దగ్గర రైస్ మిల్లు ఉంది. నాన్నగారి తరువాత ఆయన .32 రివాల్వర్‌కు లైసెన్సు నా పేరు మీదికి వచ్చింది. కొత్త తూటాల ధర బాగా పెరిగింది. డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, ఒకసారి కాల్చిన కేసులను (తూటా ఇత్తడి గొట్టాలను) మళ్లీ నింపి అమ్మే తూటాలను అక్కడి రేంజిలో (కాల్పుల సాధన స్థలంలో) వాడుతున్నానని, అవి చవక అని చెబుతున్నాడు. ఇక్కడ పరిచయస్తుడొకాయన నా ఖాళీ కేసులను నింపించి ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

సమాధానం: తీసుకోకండి. మీ అబ్బాయి వాడుతున్నవీ, మీకు ఇస్తామంటున్నవీ ఒకే రకం సరుకు కావు. అమెరికాలో ఇలాంటి తూటాలను వ్యాపారంగా తయారు చేసేవారికి కేంద్ర ప్రభుత్వ లైసెన్సు తప్పనిసరి. పెట్టె మీద తయారీదారు పేరు, లాట్ నంబరు (ఒకేసారి తయారైన సరుకు గుర్తు) సాధారణంగా ఉంటాయి కనుక లోపం బయటపడితే ఆ లాట్ మొత్తాన్ని వెనక్కి రప్పించే వీలుంటుంది. అయినా అక్కడి తుపాకీ కంపెనీలు చాలావరకు, మళ్లీ నింపిన తూటా వల్ల ఆయుధం దెబ్బతింటే గ్యారంటీ వర్తించదని తమ పుస్తకాల్లోనే హెచ్చరిస్తాయి. మీ పరిచయస్తుడు తెచ్చే తూటాకు ఇవేవీ ఉండవు. పైగా కేసు అడుగున మొదటి ఫ్యాక్టరీ ముద్ర అలాగే ఉంటుంది కాబట్టి, చూసినవారు దాన్ని కొత్త తూటాగానే పొరబడతారు.

తూటాలో మళ్లీ వాడుకునేది ఇత్తడి కేసు ఒక్కటే. ప్రైమరు (మందును అంటించే చిన్న బిళ్ల), మందు, బయటికి దూసుకుపోయే గుండు కొత్తవి వేయాలి. .32 రివాల్వర్ తూటాలో పట్టే మందు సాధారణంగా గ్రాములో ఐదో వంతుకు మించదు. అంత తక్కువ మందు కేసును నింపదు కనుక, పొరపాటున రెండుసార్లు పోసినా బయటికి తెలియకపోవచ్చు. కాల్చినప్పుడు పీడనం హద్దు దాటి సిలిండర్ (తూటాలు పెట్టే తిరిగే భాగం) పగిలితే ఆ ముక్కలు తగిలేది కాల్చేవారి చేతికీ ముఖానికీ, పక్కన నిలబడినవారికీ.

నాకు ఇంతకంటే ఎక్కువ భయం కలిగించేది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన లోపం. మందు పడకపోయినా, చాలా తక్కువ పడినా ప్రైమరు శక్తితోనే గుండు కొంతదూరం జరిగి బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. శబ్దం మందకొడిగా వస్తుంది, చేతికి కుదుపు తెలియదు. తూటా పేలలేదనుకొని వెంటనే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే రెండో గుండు మొదటిదాని వెనుక వెళ్లి తగిలి, బ్యారెల్ ఉబ్బడమో చీలడమో జరుగుతుంది. కాబట్టి ఏ తూటాతోనైనా సరే, శబ్దం తేడాగా అనిపించిన క్షణమే ఆపేయండి. బ్యారెల్‌ను ఎవరూ లేని, ప్రమాదం లేని దిశలోనే ఉంచి కనీసం ముప్పై సెకన్లు ఆగండి. మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం కూడా ఉంటుంది. తరువాత తూటాలన్నీ తీసేసి, లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గరికి తీసుకెళ్లండి. ఇరుక్కున్న గుండును ఇంట్లో ఇనుప కడ్డీతో కొట్టి తీయాలని ప్రయత్నించకండి.

కేసు సంగతి కూడా చెప్పాలి. కాల్చిన ప్రతిసారీ ఇత్తడి వ్యాకోచిస్తుంది, మళ్లీ కొలతకు నొక్కినప్పుడు గట్టిపడి పెళుసెక్కుతుంది. కొంతకాలానికి మూతి దగ్గర సన్నని చీలిక వస్తుంది. ప్రైమరు పూర్తిగా లోపలికి దిగకపోతే సిలిండర్ తిరగకుండా పట్టేస్తుంది. మూతి గుండును బిగువుగా పట్టుకోకపోతే ముందు తూటా కాల్చిన కుదుపుకే మిగతా గుండ్లు ముందుకు జరుగుతాయి. ఆత్మరక్షణకని దాచుకున్న ఆయుధం అవసరమైన వేళ ఇలా మొరాయిస్తే, మిగిలిన డబ్బు ఎందుకు పనికివస్తుంది?

ఇక చట్టం. మీ దగ్గర ఉన్నది ఆయుధం ఉంచుకునే లైసెన్సు మాత్రమే. 1959 నాటి ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019 సవరణ తరువాత దానికి కనీస శిక్ష ఏడేళ్ల జైలు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. తూటాల విడిభాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా ఆ చట్టంలో మందుగుండు నిర్వచనంలోకే వస్తాయి. అబ్బాయి సెలవులకు వచ్చేటప్పుడు నాలుగు తూటాలు తెమ్మనే ఆలోచన ఉంటే అదీ మానుకోండి. శంషాబాద్ విమానాశ్రయంలో సామానులో అనుమతి లేని తూటా ఒక్కటి దొరికినా పోలీసు కేసు తప్పదు. అతను రేంజి నుంచి తిరిగి వచ్చాక బ్యాగులో తూటాలేవీ మిగలకుండా చూసుకోవడమే కాదు, ప్రయాణానికి ముందు కూడా అన్ని అరలూ వెతుక్కోవాలని చెప్పండి.

లైసెన్సులో రాసిన పరిమితి మేరకు అధీకృత డీలరు దగ్గర కొత్త తూటాలు రసీదుతో కొనండి, అసలు పెట్టెలోనే, తేమ తగలని చోట తాళం వేసి ఉంచండి. నాన్నగారి కాలం నాటి తూటాలు మిగిలి ఉండి, వాటికి పచ్చని చిలుము పట్టి ఉంటే కాల్చి చూడకండి, చెత్తలో పారేయకండి. వాటిని అప్పగించే పద్ధతిని మీ పోలీసు స్టేషనులో అడగండి.