బీటెక్ వద్దు, కూచిపూడే అంటున్న అమ్మాయి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఏడేళ్ల వయసు నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. ఇప్పుడు బీటెక్ వద్దు, నాట్యమే కావాలంటోంది. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో బీపీఏ (నాట్యం, సంగీతం వంటి కళల్లో డిగ్రీ) ఉందట, ఫీజు లక్షల్లో ఉంది. అందులో చేర్చమంటారా, మామూలు డిగ్రీ చదివిస్తూ నాట్యం కొనసాగించమంటారా? కేంద్ర ప్రభుత్వం కళాకారులకు ఏమైనా ఇస్తుందా? రేపు తిండికి ఇబ్బంది పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక తండ్రి, మచిలీపట్నం

జవాబు: మీ అసలు భయం చివరి వాక్యంలో ఉంది, కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ప్రభుత్వం ఇస్తుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల వయసున్న యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు స్కాలర్‌షిప్ ఇస్తుంది. పాతికేళ్లు దాటాక జూనియర్ ఫెలోషిప్ ఉంది, నెలకు 10,000. నలభై దాటితే సీనియర్ ఫెలోషిప్, 20,000. అయితే ఈ ఫెలోషిప్పులు పరిశోధన చేసేవాళ్లకు; ప్రదర్శనలు ఇచ్చినంత మాత్రాన రావు. స్కాలర్‌షిప్ డబ్బు కూడా నెలనెలా పడదు, ఆర్నెల్లకోసారి వస్తుంది. ఒక్క కచేరీకి నట్టువాంగం (తాళాలతో నాట్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం, వయొలిన్, ఆహార్యం, మేకప్ లెక్కేసి చూడండి, ఆ 5,000 ఏ మూలకు? మన ప్రభుత్వాలు కళ నేర్చుకోవడానికి చేయూతనిస్తాయి. ఆ కళతో బతకడానికి ఇచ్చేది తక్కువ. స్కాలర్‌షిప్‌ను జీతంగా లెక్కేసుకుని నిర్ణయం తీసుకోకండి.

ఇక బీపీఏ. ఈమధ్య అందరూ దీని గురించే అడుగుతున్నారు, నాకేమో రానురాను అనుమానం పెరుగుతోంది. రంగుల బ్రోచర్, స్టూడియో అద్దాలు, ఫీజు వాయిదాలు అన్నీ చూపిస్తారు. మీరు చెప్పకుండా ఒక మధ్యాహ్నం వెళ్లి క్లాసు బయట నిలబడండి. లోపల మృదంగం మోగుతోందా, బ్లూటూత్ స్పీకర్ మోగుతోందా? ఒక్కో గురువు దగ్గర ఎంతమంది పిల్లలున్నారు? స్పీకరే మోగుతుంటే గేటు దగ్గర్నుంచే వెనక్కి వచ్చేయండి.

ఏదైనా డిగ్రీ చేస్తూ ఇప్పటి గురువు దగ్గరే సాధన సాగించి, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నాట్యంలో ఎంపీఏకి (పీజీకి) ప్రయత్నించడం నాకు నచ్చిన దారి. ఆపైన నెట్ (అధ్యాపక అర్హత పరీక్ష) రాస్తే అధ్యాపక ఉద్యోగాలకు తలుపు తెరుచుకుంటుంది. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో నాట్యంతో నిలదొక్కుకున్నవాళ్లు చాలావరకు పాఠాలు చెప్పే బతుకుతున్నారు, బాగానే బతుకుతున్నారు.

ఇంకో మాట, కోపగించుకోకండి. పదేళ్లు ఫీజు కట్టింది మీరు. వార్షికోత్సవాల్లో ముందు వరుసలో కూర్చుని వీడియో తీసిందీ, చుట్టాలొస్తే 'ఏదీ, ఓ తరంగం చేసి చూపించమ్మా' అన్నదీ మీరే. అప్పుడు ముద్దొచ్చిన నాట్యం అమ్మాయి బతుకుతెరువు అనేసరికి బరువైపోయిందా? బీటెక్ చేసి ఖాళీగా ఉన్న పిల్లలు మీ వీధిలో లేరా?

భయపడకండి. పదేళ్లు ఒక్క విద్యను పట్టుకుని ఉన్న పిల్ల తిండికి వెతుక్కునేంత నిస్సహాయురాలు కాదు. ముందు గురువుగారిని కలవండి. స్కాలర్‌షిప్‌కు కనీసం అయిదేళ్ల శిక్షణ చూపించాలి కాబట్టి, ఏ సంవత్సరం నుంచి నేర్పుతున్నారో కాగితం మీద రాయించుకోండి. బ్యాంకు ఖాతా అమ్మాయి పేరు మీద తెరవండి, మీ పేరు మీద కాదు.