కొట్టేసిన మాట

రాజమండ్రి

అమ్మాయీ, ఆశీస్సులు.

నీ రాతప్రతి అందింది. మొదటి పేజీ చదివి బల్ల మీద బోర్లించేశాను. మూడు రోజులు మళ్లీ ముట్టుకోలేదు. అమెరికా అంతర్యుద్ధ కాలంలో అధ్యక్షుడు లింకన్‌కూ ఆయన విదేశాంగ మంత్రి సెవార్డ్‌కూ నడిచిన ఉత్తరాల మీద రాస్తున్నానని నువ్వు ముందే చెప్పడంతో ఎంతో ఆశగా కవరు చించాను. తీరా చూస్తే మొదటి పేజీ నిండా ‘లింకన్ తన కొడుకు టీచరుకు రాసిన ఉత్తరం’!

ఆ ఉత్తరం లింకన్ రాయలేదమ్మా. మన బళ్లలో హెడ్మాస్టరు గది గోడకు ఫ్రేము కట్టి వేలాడదీస్తారు, ఉపాధ్యాయ దినోత్సవం నాడు మైకులో చదువుతారు, ఏటా సెప్టెంబరులో అందరి ఫోన్లలోనూ తిరుగుతుంది. అయినా ఆయన రాయలేదు. ఆయన రాసిన ప్రతి చీటీనీ వెతికి పట్టుకుని 1950లలో ఎనిమిది సంపుటాలుగా అచ్చువేశారు. టోపీ సైజు దగ్గర నుంచి క్షమాభిక్ష దాకా రెండేసి వాక్యాల తంతి వార్తలు కూడా వదలకుండా పోగుచేసే పద్ధతి వాళ్లది. వాటిలో ఈ ఉత్తరం లేదు. లింకన్ రాసిన నాలుగు ఉత్తరాలు వరసగా చదివిన చెవికి ఇది ఆయన గొంతు కాదని మొదటి వాక్యంలోనే తెలుస్తుంది. నువ్వు నలభై చదివానన్నావు. మరి నీ చెవి ఏం చేస్తోంది?

అంతటితో పోతే పెన్సిలుతో అడ్డగీత గీసి ఊరుకునేవాణ్ణి. పదకొండో పేజీలో 1861 ఏప్రిల్ 1 దగ్గరికొచ్చావు. లింకన్ జవాబు సెవార్డ్‌కు అందిందనీ, దీపం దగ్గర చదువుకున్నాడనీ, చేతులు వణికాయనీ, కన్నీటి బొట్టు పడి సిరా చెదిరిందనీ రాశావు. సిరా ఎక్కడ చెదిరిందమ్మా? అసలు ఆ కాగితం సెవార్డ్ చేతికి వెళ్లిందనడానికే ఆధారం లేదు. అది లింకన్ సొంత కాగితాల్లో దొరికింది. సెవార్డ్ కాగితాల్లో లేదు. పంపకుండా తన దగ్గరే ఉంచుకున్నాడని, ఆ విషయం ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడి ఉంటాడని చరిత్రకారుల్లో చాలామంది అనుకుంటారు.

ఒక్కసారి ఆలోచించు. పదవి చేపట్టి నెల కాలేదు. విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల నడుమ చిక్కుకున్న సమ్టర్ కోటలో ప్రభుత్వ సైనికుల తిండి అయిపోతోంది. అధ్యక్ష పదవికి తమ పార్టీ అభ్యర్థిగా తానే నిలబడతానని నమ్మి, ఇలినాయిస్ నుంచి వచ్చిన ఒక వకీలు చేతిలో ఓడిపోయిన మనిషి సెవార్డ్. న్యూయార్కుకు గవర్నరుగా చేశాడు, సెనేటులో పన్నెండేళ్లు కూర్చున్నాడు. ఆ మనిషి అధ్యక్షుడికి ఒక మెమో పంపాడు. నెల గడిచినా మనకు ఇంటా బయటా ఒక విధానమంటూ లేదన్నాడు. స్పెయిన్‌నూ ఫ్రాన్స్‌నూ సంజాయిషీ అడగాలి, తృప్తిగా చెప్పకపోతే యుద్ధం ప్రకటించాలి అన్నాడు. ఈ పని అధ్యక్షుడైనా భుజాన వేసుకోవాలి, లేదా మంత్రుల్లో ఒకరికి అప్పగించాలి అన్నాడు. ఆ ఒకరు ఎవరో చెప్పకుండానే చెప్పాడు. లింకన్ అదే రోజు జవాబు రాశాడు. అందులో అసలు ముక్క ఇంగ్లిషులో తొమ్మిది మాటలు, అన్నీ పసిపిల్లలు పలికే మాటలు: ఇది చేయాల్సిందే అయితే, చేయాల్సింది నేనే.

దీన్ని నువ్వు ‘ఈ గురుతర బాధ్యతను నా భుజస్కంధాలపై వహింపవలసిన అనివార్య కర్తవ్యము నాకు సంప్రాప్తించినది’ అని రాశావు. చదువుతుంటే ఒళ్లు మండింది. లింకన్ పేరు వినగానే మనవాళ్లకు గ్రాంథికం పూనుతుంది. మహాపురుషుడు కాబట్టి మామూలుగా మాట్లాడకూడదు! పల్లెటూరి కోర్టుల్లో జూరీ ముందు నిలబడి రైతులకు అర్థమయ్యేలా వాదించి వాదించి ఆ భాష సాధించుకున్నాడాయన. దాన్ని తీసుకెళ్లి పట్టుపంచె కట్టకు.

సరే, రాసి ఎందుకు పంపలేదు? నీ పుస్తకానికి ఇదే గుండెకాయ. నువ్వేమో కన్నీళ్లతో దాన్ని కప్పేశావు. సెవార్డ్ ఇల్లు వైట్‌హౌస్ ఎదుటే, లఫయెట్ స్క్వేర్‌లో. సాయంత్రాలు లింకన్ అక్కడికి నడిచి వెళ్లి కబుర్లలో కూర్చునేవాడు. అంత దగ్గరగా ఉన్న ఇద్దరి మధ్య ఒక కాగితం పుట్టిందంటే, నోటితో చెప్పలేనిదేదో ఉంది. రాసిన కాగితం ఆగిపోయిందంటే, రాతలో పెట్టకూడనిదేదో ఉంది. పెద్దవాడు, గర్విష్ఠి, అవసరమైనవాడు. అలాంటివాణ్ణి కాగితం మీద ఓడిస్తే అది ఎప్పటికీ మిగిలిపోతుంది. నోటిమాట గాలికి పోతుంది. 1863 జులైలో గెటిస్‌బర్గ్ పోరు తర్వాత, దక్షిణాది సేనాని లీ సైన్యాన్ని తప్పించుకుపోనిచ్చాడని తన సేనాని మీడ్ మీద కోపంతో రాసిన ఉత్తరాన్నీ ఇలాగే ఆపేశాడు. ‘జనరల్ మీడ్‌కు, పంపలేదు, సంతకం చేయలేదు’ అని కవరు మీద తన చేత్తోనే రాసుకున్నాడు. సెవార్డ్‌తో నడిచిన ఆ ఏప్రిల్ వ్యవహారం బయటి లోకానికి తెలిసేసరికి ఇద్దరూ పోయారు. లింకన్ కార్యదర్శులు నికొలే, హే రాసిన జీవితచరిత్ర పది సంపుటాలుగా 1890లో వచ్చింది, అందులో చూశారు జనం. అసలు కాగితాల పెట్టెను కొడుకు రాబర్ట్ తాను పోయిన ఇరవై ఒక్కేళ్లకు గానీ తెరవకూడదన్నాడు. 1947 జులైలో తెరిచారు. మెమో పంపిన రెండు నెలలకు, జూన్‌లో, అదే సెవార్డ్ భార్యకు ఉత్తరం రాస్తూ అధ్యక్షుడే మా అందరిలోకీ ఉత్తముడు అన్నాడు. ఈ రెండు నెలల దూరం ఎలా నడిచారో రాయి. దానికి కన్నీళ్లు అక్కర్లేదు.

ఇంత కోపం ఎందుకంటావేమో. నాకు ముప్పై రెండేళ్లప్పుడు ఒక వారపత్రికకు సీరియల్ రాశాను. ఒక జమీందారు, ఆయన దివాను కథ. రెండేళ్లు సెలవులన్నీ పాత దస్తరాల గదిలో గడిపాను. దొరికినవన్నీ రసీదులు, తాఖీదులు, లెక్కల పుస్తకాలు. ఎనిమిది వారాలు అచ్చయ్యాక సంపాదకుడు పిలిపించాడు. “ఇందులో గుండె లేదండీ. దొర చనిపోయే ముందు దివానుకు ఒక ఉత్తరం రాసినట్టు పెట్టండి, ఆడవాళ్లు ఏడవాలి” అన్నాడు. ఆ రాత్రే కూర్చుని రాసిచ్చాను. ఏడ్చారు. సంచులకొద్దీ కార్డులొచ్చాయి. ఆ సంపాదకుడి మీద నాకు ఈనాటికీ కోపం తీరలేదు. కానీ కలం నా చేతిలోనే ఉంది.

పద్దెనిమిదేళ్ల తర్వాత ఒక రిటైరైన తెలుగు మాస్టారు బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ల ఊరి బడి ప్రత్యేక సంచికలో నా ఉత్తరం ఉంది. ‘దొరవారి చివరి లేఖ’ అని శీర్షిక, చుట్టూ పూలచట్రం. అసలు ప్రతి ఎక్కడుందో చెబితే ఫోటో తీయించుకుంటానన్నారాయన. నేను కల్పించానని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి పంచె కొంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. “నాలుగేళ్లుగా పిల్లలకు ఇదే చెబుతున్నానండీ” అన్నారు. మా ఆవిడ కాఫీ తెచ్చేలోపు వెళ్లిపోయారు.

అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. ఆ దస్తరాల గదిలో, దివాను లెక్కల పుస్తకంలో ఒక పద్దు ముందు ‘దొరవారి బాకీ’ అని రాసి, గీత కొట్టి, పైన చిన్న అక్షరాలతో ‘నా బాకీ’ అని దిద్ది ఉంది. నేను ఆ పేజీ చూశాను. చూసి తిప్పేశాను, ఎందుకంటే నేను ఉత్తరం కోసం వెతుకుతున్నాను. ఒక మనిషి బతుకంతా ఆ ఒక్క కొట్టివేతలో ఉందని నాకు మాస్టారు వెళ్లిపోయిన రోజు రాత్రి తట్టింది. మర్నాడు బయల్దేరి వెళ్లాను. ఆ గదిలో నీళ్లు దిగి పుస్తకాలన్నీ ముద్దయిపోయాయట, ఎత్తి పారబోశారట.

అందుకే అడుగుతున్నాను, నీ నలభై పేజీల్లో ఒక్క కొట్టివేత గురించైనా ఎందుకు లేదు? ఆ ఇద్దరి మధ్య కొట్టివేతలు కుప్పలుగా ఉన్నాయి. 1861 మార్చి 4న పదవి చేపడుతూ చేయాల్సిన తొలి ప్రసంగం చిత్తుప్రతిని లింకన్ సెవార్డ్‌కు చూపించాడు. అది దక్షిణాది రాష్ట్రాలను ఉద్దేశించి ‘శాంతా, కత్తా?’ అనే ప్రశ్నతో ముగిసేది. ఇలా ముగించకూడదు, కాస్త ఆప్యాయత ఉండాలి అని సెవార్డ్ ఒక ముగింపు రాసిచ్చాడు. ఆ కాగితం మీద ముందు ‘మేలైన దేవదూత’ అనే అర్థం వచ్చే మాట రాశాడు. నచ్చలేదు, కొట్టేశాడు. పైన ‘జాతిని కాపాడే దేవదూత’ అని రాశాడు. లింకన్ ఆ పేరా తీసుకుని ప్రతి వాక్యాన్నీ తిరగరాశాడు. సెవార్డ్ ‘ముగిస్తున్నాను’ అంటే, ఆయన ‘ముగించడానికి మనసొప్పడం లేదు’ అన్నాడు. ‘మనం పరాయివాళ్లమో శత్రువులమో కాము, కాకూడదు’ అన్నదాన్ని విరిచి, ‘మనం శత్రువులం కాదు, మిత్రులం. మనం శత్రువులం కాకూడదు’ అని రెండు చిన్న వాక్యాలు చేశాడు. ఇక ఆఖరి మాట! సెవార్డ్ కొట్టేసిన దేవదూత మళ్లీ లేచి వచ్చింది. జాతికి పైన ఎగిరే దేవదూత కాదు, మన స్వభావంలోనే ఉన్న మేలైన దేవదూతలు. ఆకాశంలో ఉన్నదాన్ని మనిషి లోపలికి దించాడు. లోకమంతా ఇవాళ్టికీ చెప్పుకునే ఆ మాట, ఒకడు వద్దనుకుని గీత కొట్టిన మాట. నీకిది తెలుసు, నీ చివరి నోట్సులో ఒక మూల ప్రస్తావించావు కూడా. కథలోకి ఎందుకు రానివ్వలేదు?

ఇంకొకటి. అదే ఏడాది మే 21. లండన్‌లో ఉన్న రాయబారి చార్లెస్ ఫ్రాన్సిస్ ఆడమ్స్‌కు పంపే పదో నంబరు పత్రం. బ్రిటన్ మీద సెవార్డ్ నిప్పులు కక్కుతూ రాశాడు. ఆ పత్రం ఉన్నదున్నట్టు వెళ్తే రెండో యుద్ధం నెత్తిన పడేదేమో. లింకన్ పెన్ను తీసుకున్నాడు. అధ్యక్షుడు ‘ఆశ్చర్యపోయి దుఃఖిస్తున్నాడు’ అన్నచోట ‘విచారిస్తున్నాడు’ అని దిద్దాడు. ‘అన్యాయమైన’ అన్నచోట ‘హాని చేసే’ అన్నాడు. చూడు, అన్యాయం అంటే నువ్వు తప్పు చేశావని వేలు చూపించడం. హాని అంటే నాకు నొప్పి కలుగుతోందని చెప్పడం. మొదటిదానికి ఎదుటివాడు కత్తి తీయాలి, రెండోదానికి జవాబు చెప్పొచ్చు. కొన్ని చోట్ల వదిలేయండి అని రాశాడు. ఈ కాగితం ఆడమ్స్ దారి తెలుసుకోవడానికే తప్ప బ్రిటిష్ మంత్రికి చదివి వినిపించడానికి కాదన్నాడు. సెవార్డ్ అన్నీ ఒప్పుకోలేదు, చాలావరకు ఒప్పుకున్నాడు. రాజ్యాల మధ్య ఏది యుద్ధమో ఏది మాటో ఒక విశేషణం దగ్గర తేలిపోవడం నాకు తెలిసి ఇంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. నువ్వు ఈ ఘట్టానికి రెండు వాక్యాలు ఇచ్చావు. టీచరు ఉత్తరానికి పేజీ ఇచ్చావు.

బ్రిటన్‌తో వచ్చిన ట్రెంట్ ఓడ గొడవ బాగానే రాశావు, దాన్ని కదిలించకు. 1865 జనవరి 31న హాంప్టన్ రోడ్స్‌లో దక్షిణాది వాళ్లతో సంధి మాటలకు వెళ్తున్న సెవార్డ్‌కు లింకన్ ఇచ్చిన ఆదేశం మాత్రం పూర్తిగా పెట్టు, అది చిన్నదే. దేనికీ తుది ఒప్పందం చేసుకోవద్దు అనే ఆఖరి వాక్యం పోనివ్వకు. నాలుగేళ్ల కిందటి మెమో ఆ వాక్యం వెనక నిలబడి ఉంటుంది.

నవలగా రాయనా, వ్యాసాలుగా రాయనా అని అడిగావు. ఎలా రాసినా సరే. వాళ్ల చేత మాట్లాడించు, కూర్చోబెట్టు, నిలబెట్టు, వాన కురిపించు. కానీ వాళ్లు రాయని ఉత్తరం మాత్రం వాళ్ల పేరుతో రాయకు. ‘ఎమోషన్ చాలడం లేదు’ అనే సంపాదకులు ఇప్పటికీ ఉన్నారు, పేరు మారింది అంతే, ఇప్పుడు దాన్ని ‘ఉత్తేజం’ అంటున్నారు. లింకన్ ఫోటో కింద ఏ మాట పెట్టినా అమ్ముడుపోతుందని వాళ్లకు తెలుసు.

ముప్పై ఎనిమిదో పేజీ గురించి చెప్పాలి. 1865 ఏప్రిల్ 9 రాత్రి. బండి ప్రమాదంలో దవడ విరిగి సెవార్డ్ మంచం మీద ఉన్నాడు, గొంతు పెగలదు. దక్షిణాది రాజధానిగా ఉన్న రిచ్‌మండ్ వైపు నుంచి అప్పుడే వచ్చిన లింకన్ ఆ మంచం మీదే అడ్డంగా ఒరిగి, మోచేతి మీద తల ఆనించి, చూసినవన్నీ నెమ్మదిగా చెప్పాడు. అక్కడ నువ్వు ఒక్క మాటా కల్పించలేదు, ఒక్క విశేషణం వాడలేదు. అర్ధరాత్రి దాటాక చదివాను. మా ఆవిడను లేపి వినిపించాను.

రాతప్రతి తిరుగుటపాలో పంపుతున్నాను. అంచుల్లో నా పెన్సిలు రాతలున్నాయి, కొన్నిచోట్ల కఠినంగా ఉంటాయి. ఈసారి సాపు ప్రతి పంపకు. నీ చిత్తుప్రతి పంపు, గీతలు కొట్టినవీ, పక్కన దిద్దినవీ, చింపబోయి ఆపినవీ అన్నీ ఉన్నది. ఆ ముప్పై ఎనిమిదో పేజీలో నువ్వు ఏం రాసి కొట్టేశావో చూడాలని ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు