గుండె వాల్వు మార్పిడి జరిగి 11 రోజులు: అమ్మ నిద్రపోవడం లేదు, ఊరికే ఏడుస్తోంది. ఇది మామూలేనా?

మీ అమ్మగారికి 44 ఏళ్లు, గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ వాల్వు తీసి మెకానికల్ (కృత్రిమ) వాల్వు అమర్చారు, ఇంటికి వచ్చి నాలుగు రోజులైంది. గాయం బాగా మానుతోందని డాక్టర్లు చెప్పినా ఆవిడకు నిద్ర లేదు, అన్నం సహించడం లేదు, కారణం లేకుండా కన్నీళ్లు పెట్టుకుంటున్నారు, మేము ఎక్కడ తప్పు చేస్తున్నామని అడిగారు. నాకు 2018లో ఇదే ఆపరేషన్ జరిగింది. అప్పటికి నాకు 41 ఏళ్లు. చిన్నతనంలో గొంతు నొప్పితో మొదలై కీళ్ల వాపులతో వచ్చిన జ్వరం ముప్పై ఏళ్లపాటు నా వాల్వును లోలోపల పాడుచేసింది. నేను డాక్టరును కాను, ఆ మంచం మీద పడుకున్న మనిషిని. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

మీరు ఏ తప్పూ చేయడం లేదు. నేను ఇంటికి వచ్చిన రెండో రోజు, టీ చల్లారిపోయిందని పావుగంట ఏడ్చాను. మా ఆయన కంగారుపడి, "ఆపరేషన్ బాగా జరిగింది కదా, ఇంకా ఎందుకు ఏడుస్తావు?" అన్నారు. ఆ మాటతో ఇంకా ఏడుపు వచ్చింది. మా అమ్మ మాత్రం ఏమీ అడగకుండా నా పాదాల దగ్గర కూర్చుని కాళ్లు ఒత్తింది. గుండె ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి మనసు ఇలా కుంగుతుందని తరువాత డాక్టరు గారు చెప్పారు. నాకు నాలుగో వారానికి తగ్గింది. మీ అమ్మగారికి అప్పటికీ తగ్గకపోయినా, తిండి పూర్తిగా మానేసినా, బతకాలని లేదన్న మాట నోట వచ్చినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి. దానికీ వైద్యం ఉంది. ఈలోగా "ధైర్యంగా ఉండు" అని పదేపదే అనకండి. ధైర్యం కూడగట్టుకోవడానికి కూడా ఒంట్లో ఓపిక కావాలి.

నిద్ర పట్టకపోవడానికి ఒక కారణం వెల్లకిలా పడుకోవడం. పక్కకు తిరిగి పడుకునే అలవాటు ఉన్నవాళ్లకు అది శిక్షే. నడుము నుంచి తల దాకా ఏటవాలుగా మూడు దిండ్లు, మోకాళ్ల కింద ఒక దిండు పెడితే నాకు హాయిగా ఉండేది. రెండో కారణం మీ అమ్మగారు మీకు చెప్పకపోయి ఉండవచ్చు. మెకానికల్ వాల్వు మూసుకున్నప్పుడల్లా గడియారంలా టిక్కుమంటుంది. పగలు వినిపించదు, ఇల్లంతా నిద్రపోయాక అదొక్కటే వినిపిస్తుంది. ఆ చప్పుడు ఆగిపోతుందేమో అన్న భయంతో దాన్నే లెక్కపెడుతూ తెల్లవార్లూ మేలుకునేదాన్ని. మంచం పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాక కొంత నయమైంది. ఆవిడను మెల్లగా అడిగి చూడండి, ఆ శబ్దం వాల్వు పనిచేస్తోందనడానికి గుర్తు అని చెప్పండి. ఇప్పుడు నాకు అది వినిపిస్తేనే నిశ్చింత.

ఎముక సంగతి మీకు ఆసుపత్రిలో చెప్పే ఉంటారు. రొమ్ము ఎముకను నిలువునా కోసి స్టీలు తీగలతో బిగిస్తారు, అది అతుక్కోవడానికి 6 నుంచి 8 వారాలు, గట్టిపడడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. అందుకే రెండు మూడు కిలోలకు మించి ఏదీ ఎత్తకూడదు. నీళ్ల బిందె, నిండు కుక్కరు, చంటిపిల్లలు, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. లేచేటప్పుడు చేతుల మీద బరువు వేయకుండా, పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి లేవాలి. దగ్గొస్తే చిన్న దిండును ఛాతీకి గట్టిగా హత్తుకుని దగ్గాలి. నొప్పికి భయపడి దగ్గు ఆపుకుంటే ఊపిరితిత్తుల్లో కఫం నిలుస్తుంది. ఊపిరి పీలిస్తే బంతులు పైకి లేచే మూడు బంతుల పరికరంతో చేసే అభ్యాసం ఇంటికి వచ్చాక చాలామంది మానేస్తారు, మానవద్దు.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బందులు ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను. రొమ్ముల బరువు కుట్లను రెండు పక్కలకు లాగుతుంది. ముందువైపు హుక్కులున్న మెత్తటి నూలు బాడీ రాత్రిళ్లు కూడా వేసుకోమని నర్సు చెప్పింది, నొప్పి సగం తగ్గింది. చేతులు పైకెత్తే పని లేకుండా ముందు గుండీలున్న నైటీలు తెప్పించండి. జడ మీరే వేయండి. మంగళసూత్రం సరిగ్గా మచ్చ మీదే ఒరుసుకుంటుంది. నేను తీయడానికి సందేహిస్తుంటే మా అత్తయ్యే, "ముందు నువ్వు బాగుండాలమ్మా" అంటూ తీసి దేవుడి గదిలో పెట్టారు. రక్తం పలచబడే మందు వల్ల నెలసరిలో రక్తస్రావం బాగా ఎక్కువ కావచ్చు. సిగ్గుపడి దాచుకోకుండా డాక్టరుకు చెప్పాలి.

ఇక ఆ మందు గురించి. ఈ సమాధానంలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే దీన్నే గుర్తుపెట్టుకోండి. ఎముక తనంతట తానే అతుక్కుంటుంది, ఈ మాత్ర విషయంలో మాత్రం మనుషులే కాపలా కాయాలి. మెకానికల్ వాల్వు మీద రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం వేసుకోవాల్సిన మందు ఇది. నేను వేసుకునేది ఎసిట్రోమ్. మోతాదు సరిపోయిందో లేదో ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది. మామూలు మనుషులకు అది 1 దగ్గర ఉంటుంది, నాకు 2.5 నుంచి 3.5 మధ్య ఉంచమన్నారు. తగ్గితే గడ్డకట్టే ప్రమాదం, పెరిగితే రక్తస్రావం. మొదటి వారాల్లో అంకె నిలకడగా ఉండదు, తరచూ పరీక్ష చేయించాల్సి వస్తుంది. ప్రతిసారీ ఒకే ల్యాబులో చేయించండి. ఒక నోటు పుస్తకంలో తేదీ, అంకె, మోతాదు రాయండి. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు మాత్రలు కలిపి వేయకూడదు, ఫోను చేసి అడగాలి.

ఆరో వారంలో నాకు విరేచనాలయ్యాయి. వీధి చివర మందుల షాపులో అడిగితే మాత్రలిచ్చారు. నాలుగో రోజు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు, మోచేతి మీద నీలం మచ్చ తేలింది. ఐఎన్ఆర్ 5.8 ఉంది. ఆ మాత్రలో మెట్రోనిడజోల్ అనే మందు ఉందని, అది ఎసిట్రోమ్ ప్రభావాన్ని బాగా పెంచుతుందని అప్పుడు తెలిసింది. డాక్టరు గారు రెండు రోజులు మందు ఆపించి, మళ్లీ పరీక్ష చేయించి దారికి తెచ్చారు. కాబట్టి జ్వరానికైనా, నొప్పికైనా, చివరికి ఆకు పసరైనా సరే, అడగకుండా ఏదీ వేయకండి. ముఖ్యంగా డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వద్దు. పన్ను తీయించాల్సి వస్తే వాల్వు ఉందని ముందే చెప్పాలి.

ఆకుకూరలు పూర్తిగా మాన్పించమని చుట్టాలు చెబుతారు. నన్ను అలా మాన్పించలేదు. పాలకూర, తోటకూర, గోంగూర, మునగాకుల్లో ఉండే విటమిన్ కె మందుకు ఎదురు పనిచేస్తుంది. అందుకని వారానికి ఎంత తింటారో ఆ లెక్క మారకుండా చూసుకోమన్నారు. ఒక వారం నాలుగు కట్టలు, తరువాతి వారం అసలు లేకపోవడం, అదీ చిక్కు. ఉప్పు మాత్రం తగ్గించాలి. నోటికి ఏదీ రుచించని ఆ రోజుల్లో ఆవకాయ లేకుండా అన్నం దిగదు, నాకు తెలుసు. నిమ్మరసం పిండిన పెసరకట్టు, కొద్దిగా పలచటి మజ్జిగ నన్ను గట్టెక్కించాయి. నీళ్లకు కొలత చెప్పి ఉంటే మజ్జిగా అందులోకే వస్తుంది. రోజూ ఉదయం బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, పాదాలు వాచినా అది ఒంట్లో నీరు చేరడం కావచ్చు, వెంటనే ఫోను చేయండి.

పరామర్శలకు వచ్చేవాళ్లను మీరు గుమ్మం దగ్గరే మర్యాదగా ఆపాలి. ప్రేమతోనే వస్తారు, కానీ ఇదే ఆపరేషన్ తరువాత ఎవరో పోయిన కథ మంచం పక్కన కూర్చుని చెబుతారు. ఆ రాత్రి నిద్రపోలేనిది మీ అమ్మగారు.

100.4 డిగ్రీలు దాటిన జ్వరం, గాయం నుంచి చీము, ఊపిరి తీసినప్పుడు ఎముక కదిలినట్టు అనిపించడం, నల్లటి విరేచనం, తలకు దెబ్బ, వీటిలో ఏది జరిగినా తెల్లవారేదాకా ఆగకండి. మూతి వంకర పోయినా, మాట తడబడినా, చెయ్యో కాలో పడిపోయినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, వాల్వు టిక్కు చప్పుడు సన్నగిల్లినా నిమిషాల మీద ఆసుపత్రికి చేరాలి.

ఆవిడ పూజ గదిలో నేల మీద ఎప్పుడు కూర్చోవచ్చని కూడా అడిగారు. నేను ఏడో వారంలో డాక్టరును అడిగి కూర్చున్నాను, అప్పుడూ లేవడానికి మా అమ్మాయి పక్కన నిలబడింది. అప్పటిదాకా దేవుడి ముందు కుర్చీ వేయండి. ఒత్తులు చేయడం, మల్లెలు మాల కట్టడం లాంటి చిన్న పనులు ఈ వారం నుంచే ఆవిడ చేతికివ్వండి. నాకు మొదటిసారి కంటినిండా నిద్ర పట్టింది, ఒడిలో చేట పెట్టుకుని చిక్కుళ్లు ఒలిచిన రోజు రాత్రే.